నేను చూడని చెయ్యి

హవాయి వెళ్దామని మా అమ్మాయి అంటే సముద్రం చూపిస్తుందనుకున్నాను గానీ, రాణిగారి మేడ చూపిస్తుందనుకోలేదు. మాది ఒంగోలు వైపు. సముద్రం మా ఇంటికి ఆటోలో అరగంట. అయినా పిల్ల ఆశపడి టికెట్లు బుక్ చేశాక "మా ఊళ్ళో లేని సముద్రమా" అంటే ఏం బావుంటుంది? మనవరాలికి స్కూలు సెలవులు, అల్లుడు మాత్రం ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందని రానన్నాడు. మా అమ్మాయి, తొమ్మిదేళ్ళ మనవరాలు, మా ఆయన, నేను, నలుగురం అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే సన్నీవేల్‌లో బయల్దేరి, విమానంలో ఐదు గంటలు కూర్చుని హొనొలులూలో దిగాం. నా కాళ్ళు వాచిపోయాయి. కానీ దిగీ దిగగానే ఆ గాలి ఒంటికి తగిలేసరికి, ఇక్కడిదాకా తీసుకొచ్చిన పిల్ల చల్లగా ఉండాలి అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి ఇసకలో తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉంటే నా ఫోన్ మోగింది. మన దగ్గర అప్పుడు మర్నాడు పొద్దున ఏడున్నర. చేసింది మా ఊరి టైలరమ్మ. ఆమెకి అసలు పేరు లేక కాదు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి జాకెట్లూ కుడుతోంది గనక చిన్నాపెద్దా అందరికీ టైలరమ్మే.

"అమ్మా, బాగున్నారా? అయ్యగారు బాగున్నారా? అక్కడ చలిగా ఉందా?" అని అన్నీ అడిగాక అసలు సంగతికి వచ్చింది. ఆమె ఈసారి ఉంగరం గుర్తు మీద సర్పంచి పదవికి నిలబడింది. ఆదివారం పోలింగు. శుక్రవారం సాయంత్రంతో మైకులు బంద్.

"మీ బజారోళ్ళు నన్ను గుమ్మం దాకా రానిస్తున్నారు గానీ, మాట వినట్లేదమ్మా. మీరు ఒక్క మాట చెబితే వింటారు. రేపు ఇదే టైముకి ఫోన్ చేస్తాను. ఆటోలో మైకు దగ్గర పెడతాను. మీకిష్టమైతేనే" అంది.

"చూద్దాంలే" అన్నాను.

నాలుగేళ్ళు రాజకీయం చేసినదాన్ని. రాజకీయంలో "చూద్దాం" అంటే ఏంటో నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. "సరేనమ్మా" అని పెట్టేసింది.

ఆమె అడిగింది ఒక్క మాటే. కానీ ఆమె మీద పోటీకి నిలబడింది మా మరిది కోడలు. ఆ ఒక్క మాటా చెప్పానంటే మా ఆయన తరఫు వాళ్ళతో తెగతెంపులే. చెప్పకపోవడమంటారా, అది నాకు అప్పటికే ఆరేళ్ళ అలవాటు. ఎందుకో చెప్పాలంటే నా ఘనకార్యం కొంచెం చెప్పుకోవాలి.

పదిహేనేళ్ళ క్రితం మా మండలాధ్యక్ష పదవి రిజర్వేషన్లో ఆడవాళ్ళకి వచ్చింది. మరిది, అంటే మా ఆయన బాబాయి కొడుకు, ఇంటికొచ్చి "వదినా, నువ్వు నిలబడు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. మా ఆయన కరెంటాఫీసు ఉద్యోగి, రాజకీయమంటే ఆమడ దూరం. నేను ఇంటరు దాకా చదివి, ఇంట్లో కూర్చుని విసుగెత్తి ఉన్నాను. సరే అన్నాను. గెలిచాను. ఎంపీపీ గారినయ్యాను. రెండేళ్ళు మరిది పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాను. అబద్ధమెందుకు, బాగానే ఉండేది. దండలు, జీపు, నేను వెళ్ళగానే కుర్చీ తుడవడాలు, దాని మీద తెల్ల తువ్వాలు.

మూడో ఏడు టైలరమ్మ ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. ఆమె కూడా అప్పుడు మండల సభ్యురాలే, వాళ్ళ కాలనీకి వచ్చిన రిజర్వుడు సీట్లో గెలిచింది. "అమ్మా, మా కాలనీలో వేశామని రాసిన బోరు మా కాలనీలో లేదమ్మా" అంది. ఫైలు తెప్పించి మొదటిసారి పూర్తిగా చదివాను. కాలనీకి వెళ్ళి చూశాను. బోరు లేదు. మరిది మామిడితోటలో ఉంది. ఆ రోజు నించీ చదవకుండా సంతకం పెట్టడం మానేశాను. మీటింగుల్లో పక్కనున్నవాళ్ళ వైపు చూడ్డం మానేసి నేనే మాట్లాడ్డం మొదలుపెట్టాను. నేను చేసిన నేరం అదీ.

నాలుగేళ్ళు నిండీ నిండగానే నా మీద అవిశ్వాసం పెట్టారు. మన వైపు క్యాంపు రాజకీయం గురించి తెలియనివాళ్ళుండరు. సభ్యుల్ని బస్సెక్కించి ఏదో ఊళ్ళో హోటల్లో పెడతారు. ఫోన్లు తీసేసుకుంటారు. మూడుపూటలా బిర్యానీ పెడతారు. ఓటింగు రోజున తిన్నగా మండలాఫీసు గుమ్మంలో దింపుతారు. ఆ పొద్దున నేను వరండాలో నిలబడి ఉండగా బస్సొచ్చింది. ఒక్కొక్కరే దిగుతున్నారు, పెళ్ళివారు దిగినట్టు. వాళ్ళ మధ్యలో టైలరమ్మ దిగింది. నా వైపు చూడలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. నీ కాలనీ బోరు కోసమే కదే నేను ఈ గొడవలో పడింది అని అరుద్దామనుకున్నాను.

మరిదీ మండల సభ్యుడే, కానీ బస్సులో రాలేదు. మోటారు సైకిలు మీద వచ్చి, నాకు దణ్ణం పెట్టి లోపలికెళ్ళాడు.

ఆర్డీవో గారు వచ్చి కూర్చుని, "తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. నేను తల దించుకుని బల్ల మీది గాజుపలకే చూస్తున్నాను. లెక్కపెట్టడం చెవిన పడుతోంది. ఆ లెక్క నన్ను దింపడానికి సరిపోయే అంకె దాటగానే లేచి బయటికి వచ్చేశాను. ఆ తరవాత "వ్యతిరేకంగా ఉన్నవాళ్ళు" అని ఆయన అడగడం వినపడింది గానీ వెనక్కి తిరగలేదు. ఏడుపు ఆపుకోవడమే నాకప్పుడు పెద్ద పని.

ఆ సాయంత్రం మరిది ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "వదినా, నీ వైపు ఒక్కటంటే ఒక్క చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎవరిదో నా నోటితో చెప్పాలా?" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే వాడు అబద్ధం కూడా చెప్పలేదు. నేనే తెలివితక్కువదాన్ని. బీరువాలోంచి నా సన్మానం శాలువా తీసి, వచ్చిన చుట్టాలందరి ముందూ వాడికి కప్పాను. టైలరమ్మ గురించి ఎవరైనా ఎత్తితే "క్యాంపు బిర్యానీకి అమ్ముడుపోయింది" అనేదాన్ని. అదే నెలలో ఆమె కొట్టు ఖాళీ చేయించారనీ, మిషను ఇంటి వసారాలో పెట్టుకుందనీ తెలిసినప్పుడు మంచి పనైంది అనుకున్నాను కూడా. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఐదేళ్ళ తరవాత, రిటైరైన మండలాఫీసు అటెండరు తన మనవరాలి పెళ్ళికార్డు ఇవ్వడానికొచ్చాడు. కాఫీ ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మా, చచ్చేలోపు ఒక మాట చెప్పాలి. ఆ రోజు మీ వైపు చెయ్యెత్తింది మీ మరిది గారు కాదు, టైలరమ్మ. ఆర్డీవో గారు కాయితం మీద రాసేదాకా దించలేదు. ఆయన మీకు వ్యతిరేకంగా ఎత్తాడు. క్యాంపు నడిపిందీ ఆయనే" అన్నాడు. టైలరమ్మ కొట్టున్న గది మా మరిదిదేనని నాకప్పుడు గుర్తొచ్చింది.

తెలిశాక నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. పండగలకీ పబ్బాలకీ మరిది మా ఇంట్లో భోంచేస్తూనే ఉన్నాడు, నేను వడ్డిస్తూనే ఉన్నాను. పదిమందిలో శాలువా కప్పినదాన్ని, పదిమందిలోకి వెళ్ళి నేను వెర్రిదాన్నని ఎలా చెప్పుకోను? అలా ఆరేళ్ళు గడిచిపోయాయి.

మర్నాడు పొద్దున హోటల్లో టిఫిను చేస్తూ టైలరమ్మ ఫోను సంగతి మా ఆయనకి చెప్పాను. బ్రెడ్డుకి వెన్న రాస్తున్నవారు ఆగిపోయారు.

"ఇక్కడ కూర్చుని అక్కడ చిచ్చు పెట్టకు. రేపు మనం ఆ ఊరికే వెళ్ళాలి" అన్నారు.

"నేనేం అనలేదుగా. చూద్దాం అన్నాను."

"ఆ మాట మీదే ఉండు."

మా అమ్మాయికి ఇవేవీ తెలియవు. "అమ్మా, ఎండ ఎక్కువగా ఉంది, బీచ్ వద్దు, ఇవాళ పాలెస్ చూద్దాం. పాలిటిక్స్ అంటే నీకిష్టం కదా" అంది. పాలిటిక్స్ అంటే ఇష్టమట. నా నోట్లో ఇడ్లీ ఉంటే పొలమారేది.

ఊరి మధ్యలో పచ్చటి గడ్డి, దాని నడుమ స్తంభాలూ వరండాలూ ఉన్న రెండంతస్తుల మేడ. ఒకప్పుడు ఆ దీవులకి రాజులుండేవారట. ఆ మేడ వాళ్ళది, ఇప్పుడు మ్యూజియం. నేను గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ చెప్పులు విప్పేసి, పక్కన వరసగా పెట్టి, వట్టికాళ్ళతో లోపలికి నడిచాను. మా ఆయన కూడా బూట్లు విప్పి సాక్సులు మడుస్తున్నారు. అక్కడున్న గైడమ్మ పరిగెత్తుకొచ్చింది. తెల్లజుట్టు, చెవి పక్కన పువ్వు, దాదాపు నా వయసే. చెప్పులు విప్పక్కర్లేదు, వాటి మీద ఈ గుడ్డ తొడుగులు వేసుకోండి, నేల చెక్కది, గీతలు పడకూడదు అని చెప్పింది. "పెద్దవాళ్ళ ఇంట్లోకి చెప్పులతో ఎలా వెళ్తాం" అని నేను నా ఇంగ్లీషులో అంటే, "మేమూ ఇళ్ళల్లో అంతే, గుమ్మం బయటే విప్పుతాం" అని నవ్వింది. ఆమె తాతలు ఆ దీవుల వాళ్ళేనట. అక్కడితో నాకూ ఆమెకీ కుదిరింది. మూడు గంటలు నడిచినా నా మోకాళ్ళు నొప్పెట్టకుండా ఆమె నన్ను ప్రతి గదిలోనూ గోడ పక్కన బెంచీ చూసి కూర్చోబెట్టింది. ఆమెకి ఎంత దణ్ణం పెట్టినా తక్కువే.

ఆ మేడలో వైట్‌హౌస్ కంటే ముందే కరెంటు దీపాలు వెలిగాయని ఆమె చెప్పగానే మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ముప్పైనాలుగేళ్ళు కరెంటాఫీసులో చేసిన మనిషి. ఇక రాజుల సంగతి ఆయనకి అక్కర్లేదు. పైకి చూస్తూ, వైర్లు ఎటు నించి ఎటు లాగారో వెతుక్కుంటూ నడిచారు.

పెద్ద హాల్లోకి తీసుకెళ్ళింది. ఎర్ర తివాచీ, చివర వేదిక మీద బంగారు రంగు కుర్చీలు రెండు. గైడమ్మ మెల్లగా చెప్పింది. ఆ దేశపు ఆఖరి రాణి ఈ హాల్లోనే దర్బారు చేసేది. పెద్ద పెద్ద వ్యాపారస్తులు ఏకమై, అమెరికా సైనికులు ఒడ్డున దిగాక, ఆమెని దింపేశారు. రెండేళ్ళ తరవాత ఆమె మనుషులు తిరగబడి ఓడిపోతే, ఈ హాల్లోనే, ఆమె సింహాసనం ఉన్న ఈ గదిలోనే ఆమెని నిలబెట్టి విచారణ చేశారు.

నేను ఆ కుర్చీల వంక చూస్తూ ఉండిపోయాను. నేనేం రాణిని కాదు. తిరిగే కుర్చీ ఒకటి, దాని మీద తువ్వాలు ఒకటి, అంతే నా సింహాసనం. ఆమె పోగొట్టుకున్నది దేశం, నేను పోగొట్టుకున్నది ఏడాది పదవి. అయినా మన హాల్లో మనల్ని నిలబెట్టి, మనతో నవ్వుతూ మాట్లాడినవాళ్ళే మన లెక్క తేలుస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ గదిలో ఉన్న పాతికమందిలో నాకొక్కదానికే తెలుసేమో.

"అమ్మమ్మా, క్వీన్ ఏడ్చిందా?" అని మనవరాలు అడిగింది.

"అక్కడ ఏడ్చి ఉండదు. బయటికొచ్చాక ఏడ్చి ఉంటుంది" అన్నాను.

చెక్కమెట్లెక్కి పైకి వెళ్ళాం. మూలనున్న గది. ఆమెని ఎనిమిది నెలలు అందులో బంధించారట. అద్దాల మీద మసక పూత. వెలుతురు వస్తుంది గానీ బయట ఏముందో కనపడదు. పత్రికలు ఇవ్వలేదట. ఆమె తోటలో పూసిన పువ్వుల్ని ఆమె మనుషులు పత్రికల్లో చుట్టి పంపితే, ఆ చుట్టిన కాగితాలు విప్పి లోకం సంగతులు చదువుకునేదట. ఆ మాట విని నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

గది మధ్యలో అద్దం కింద ఒక బొంత ఉంది. పట్టుముక్కలు, ఏ ముక్కకి ఆ ముక్క వేరు రంగు, వేరు ఆకారం. ఆ గదిలో కూర్చుని రాణి కుట్టిందట. నడుమ ముక్కల మీద తనని ఎప్పుడు దింపారో, ఎప్పుడు బంధించారో దారంతో కుట్టిపెట్టింది. తనకి ఏం జరిగిందో పదిమందికీ చెప్పుకునే దారి లేక, సూదితో చెప్పుకుంది. నేను అద్దానికి ముక్కు ఆనించి ఆ కుట్లు చూశాను. కొన్నిచోట్ల కుట్టు సన్నం, కొన్నిచోట్ల దొడ్డు. ఒక్క చేతి పని కాదు అనిపించింది. గైడమ్మని అడిగాను.

"అవును. ఆమెకి తోడుగా ఒక్క ఆడమనిషిని ఉండనిచ్చారు. ఆమె కూడా కుట్టింది" అంది.

"ఆమెని కూడా బంధించారా?"

"లేదు. తనంతట తనే వచ్చి ఉంది. అప్పుడు రాణి పక్కన నిలబడటం అంటే మాటలు కాదు."

"ఆమె పేరు ఎవరికైనా తెలుసా?"

గైడమ్మ కాగితం చూడకుండా, తడుముకోకుండా, ఇంటి పేరుతో సహా చెప్పింది. నూరేళ్ళు దాటిపోయాయి. రాజ్యం లేదు, రాణి లేదు. రాణి పక్కన నిలబడినామె పేరు మాత్రం రోజూ ఈ గదిలో ఎక్కడెక్కడి నించో వచ్చినవాళ్ళకి చెబుతున్నారు. నా పక్కన నిలబడినామె పేరు నా నోటితో ఒక్కసారి కూడా ఎక్కడా చెప్పలేదు. పైగా అమ్ముడుపోయిందని ఊరంతా చెప్పాను. ఆ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. గైడమ్మ పక్కన కూర్చుని నా వీపు నిమిరింది. రాణి కోసం ఏడుస్తున్నాననుకుని ఉంటుంది. అలాగే అనుకోనీ అనుకున్నాను.

బయటికొచ్చి గడ్డి పక్కన బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయి, మనవరాలు ఐస్‌క్రీముకి వెళ్ళారు. మూడున్నరయింది. నాలుగింటికి ఫోనొస్తుంది.

"నేను మాట్లాడతానండీ" అన్నాను.

మా ఆయన నా వంక చూడకుండా, "పోయిన పదవి రాదు కదా. వాణ్ణి ఇప్పుడు తిట్టి ఏం లాభం?" అన్నారు.

"వాణ్ణి తిట్టను. వాడి పేరే ఎత్తను. ఆవిడకి థాంక్స్ చెప్పాలి, అంతే. నా వైపు లేచిన చెయ్యి ఆవిడది. దానికి ఆవిడ కొట్టు పోయింది. పదకొండేళ్ళండీ. నాకు సిగ్గు లేదా?"

మరిది ఆయనతో కలిసి పెరిగినవాడు. ఇద్దరూ ఒకే సైకిలు మీద హైస్కూలుకి వెళ్ళినవాళ్ళు. నాకు తెలుసు, ఆయనకి ఎంత కష్టమో. చివరికి ఆయన, "నాలుగేళ్ళు నువ్వు పదవిలో ఉన్నావు, నీకేనాడూ నేను అడ్డం పడలేదు. అండగా కూడా నిలబడలేదు. ఇప్పుడైనా నిలబడాలి కదా. మాట్లాడు" అన్నారు. అని, నా ఫోన్లో చార్జింగు చూసి, తన జేబులోంచి పవర్ బ్యాంకు తీసి తగిలించారు. నలభై రెండేళ్ళ కాపురంలో ఆయన నాకు చీరలు కొనిపెట్టారు, నగలు చేయించారు. ఏదీ నాకు ఇంత గుర్తులేదు.

నాలుగుకి ఐదు నిమిషాల ముందే ఫోనొచ్చింది.

"అమ్మా, ఏమనుకున్నారు?" అంది టైలరమ్మ. గొంతులో ఆశ పెద్దగా లేదు.

"ఎక్కడున్నావు?"

"మీ బజారు మొదట్లో, ఆటోలో ఉన్నా."

"మైకు దగ్గర పెట్టు."

కీచుమని శబ్దం వచ్చింది. నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది. ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్యలో కూర్చుని మా బజారులో మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడాలో ముందు అనుకున్నదంతా మర్చిపోయాను.

"అందరూ బాగున్నారా? నేను, పాత ఎంపీపీని. అవిశ్వాసం రోజున నా తరఫున ఒక్క చెయ్యి లేచిందని మీకందరికీ తెలుసు. ఆ చెయ్యి టైలరమ్మది. ఆమె అమ్ముడుపోయిందని నేను మీ అందరితో అన్నాను. ఆ మాట తప్పు. అలా అన్నందుకు మీ అందరి ముందూ ఆమెని క్షమించమని అడుగుతున్నాను. చేసిన మేలుకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. అందరూ వద్దన్నా పక్కన నిలబడే మనిషి సర్పంచిగా కావాలనుకుంటే, ఉంగరం గుర్తుకి వెయ్యండి. ఇక మీ ఇష్టం."

మళ్ళీ కీచుమంది. ఆటో చప్పుడు, ఎవరో పిల్లలు. ఫోను చెవి దగ్గరికి తీసుకుందనుకుంటా, ఊపిరి వినపడింది. "ఉంటానమ్మా" అని మాత్రం అంది, అదీ సగమే.

ఆ రాత్రికే మరిది మా ఆయనకి ఫోన్ చేశాడు. ఏమన్నాడో ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. "మా ఆవిడ నిజమే చెప్పిందిరా" అని ఆయన అనడం ఒక్కటే విన్నాను. ఆ తరవాత వాడు మా గుమ్మం తొక్కలేదు.

ఆదివారానికి మేం సన్నీవేల్ వచ్చేశాం. పొద్దున్నే కాఫీ కలుపుతుంటే మా బజారులో ఒకతను ఫలితం మెసేజ్ పెట్టాడు. టైలరమ్మ ఓడిపోయింది. పట్టుమని ఇరవై ఓట్లు కూడా తేడా లేదు. మా బజారులో మాత్రం ఎన్నడూ లేనిది సగానికి సగం ఉంగరానికి పడ్డాయట. నేను కాఫీ తాగకుండా అలాగే నిలబడిపోయాను. ఆరేళ్ళ ముందు చెప్పి ఉంటే, కనీసం ఆరు నెలల ముందు చెప్పి ఉంటే ఆ ఇరవై ఓట్లూ వచ్చేవి కావూ? నా నోరు తెరవడం ఆలస్యమై ఆమె ఓడింది. ఏ మొహంతో ఫోన్ చెయ్యాలో తెలియలేదు.

ఆమే చేసింది.

"ఓడిపోయావు కదే. నేను ముందే చెప్పి ఉంటే గెలిచేదానివి" అన్నాను.

"ఓడితే ఓడానమ్మా. మళ్ళీ ఐదేళ్ళకి నిలబడతా. మీరు మైకులో మాట్లాడాక మా ఆయన ఇంటికెళ్ళి ఒక్కడే కూర్చుని ఏడ్చాడమ్మా. మా కాలనీలో ముసలోళ్ళు కూడా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుపోయారు" అంది. తరవాత, "మీకు తెలిసిందని నాకు ఎప్పుడో తెలుసమ్మా" అంది.

"ఎవరు చెప్పారు? అటెండరా?"

"ఎవరూ చెప్పలేదు. ఆ బస్సు రోజు నించీ మీరు జాకెట్లు పనమ్మాయితో పంపేవాళ్ళు. ఐదేళ్ళు మీ మొహం చూడలేదు నేను. ఒకరోజు మీరే జాకెట్టు ముక్క పట్టుకుని మా వసారాకి నడిచొచ్చారు. స్టూలు మీద గంటసేపు కూర్చుని ఏదేదో మాట్లాడి, కొలతకి ఆది జాకెట్టు ఇవ్వడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయారు. ఆ రోజే అనుకున్నా. అమ్మకి తెలిసింది, చెప్పడానికే వచ్చి చెప్పలేక వెళ్తోంది అని."

"మరి నువ్వైనా అడగొచ్చు కదే నన్ను, ఇన్నేళ్ళూ."

"ఓటంటే అడగొచ్చు గానీ, అది అడిగి చెప్పించుకునేదా అమ్మా?" అంది. "మీరే చెప్పారు. నాకది చాలు. మీరు ఏడవకండి."

ఎలక్షన్ ఓడిపోయింది ఆమె. ఓదారుస్తోంది నన్ను. నేను ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఆమె పెట్టేసేదాకా ఏడుస్తూ వింటూనే ఉన్నాను.